కర్ణం కొలవని పంపకం

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాసి ఇమ్మని మన సంఘం కార్యదర్శిగారు అడిగినప్పుడు కొంత తటపటాయించాను. పింఛను సవరణల గురించి, సర్వీసు రోజుల గురించి నాకంటె బాగా వ్రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. అందుచేత నేను ముప్ఫై అయిదేళ్ళ గుమాస్తా ఉద్యోగంలో నిజంగా నేర్చుకున్నానని చెప్పుకోగల ఒకే ఒక్క లెక్క గురించి, దాని చరిత్ర గురించి వ్రాస్తున్నాను.

ఆ లెక్క మనమందరమూ హైస్కూల్లో బట్టీ పట్టినదే. లంబకోణ త్రిభుజంలో రెండు చిన్న ప్రక్కలు తెలిస్తే అన్నిటికంటె పొడవైన ప్రక్క, అంటే కర్ణం, ఎంత? ఒక ప్రక్కను దానితోనే హెచ్చించు, రెండవదాన్నీ అట్లాగే హెచ్చించు, రెండూ కూడు, వచ్చినదానికి వర్గమూలం కట్టు. మూడు, నాలుగు అయితే తొమ్మిది, పదహారు కలిసి ఇరవై అయిదు, మూలం అయిదు. మాస్టారి బెత్తానికి భయపడి నేర్చుకుని, పరీక్ష కాగానే మరచిపోయిన లెక్క. ఇది తెలియక మా ఇంట్లో అన్నదమ్ములు పదిహేనేళ్ళు మాట్లాడుకోలేదు. తెలిసి కూడా నేను రెండేళ్ళు నోరు మెదపలేదు. ఆ సంగతి చివర చెప్తాను. ముందు చరిత్ర.

కరణం, కర్ణం

మన ప్రాంతంలో కరణంగారిని వాడుకలో కొందరు "కర్ణంగారు" అనడం కద్దు. చిన్నప్పుడు లెక్కల మాస్టారు బోర్డు మీద ముక్కోణం గీసి "ఇది కర్ణం" అనగానే క్లాసంతా గొల్లున నవ్వింది. రెండూ వేరు మాటలని తరువాత తెలిసింది. కానీ ఆ ఇద్దరికీ సంబంధం ఉందనీ, కరణం కర్ణాన్ని మరచిపోతే ఊరు కొంప కూలుతుందనీ ఉద్యోగంలో చేరాకే అర్థమయింది. ఆ కరణాల వ్యవస్థ 1984లో రద్దయింది. కర్ణం మాత్రం రద్దు కాలేదు.

ఈ సూత్రాన్ని మనం పైథాగరస్ సిద్ధాంతం అని చదువుకున్నాం. పైథాగరస్ క్రీస్తుకు పూర్వం ఆరవ శతాబ్దం గ్రీకు దేశస్థుడు. అయితే ఆయనకు వెయ్యేళ్ళకు పైగా ముందే, క్రీ.పూ. 1800 ప్రాంతంలో, బాబిలోనియావారు మట్టి పలకల మీద ఇట్లాంటి త్రిభుజాల అంకెలు చెక్కి ఉంచారు. మన దేశంలో యజ్ఞవేదికలు కట్టడానికి వ్రాసుకున్న శుల్బ సూత్రాలలో ఇదే నియమం స్పష్టంగా ఉంది. శుల్బం అంటే తాడు. వాటిలో ప్రాచీనమైనది బౌధాయనునిది, క్రీ.పూ. 800 నుండి 500 మధ్యదని పండితుల అంచనా. దీర్ఘచతురస్రానికి మూల నుండి మూలకు కట్టిన తాడు మీద చతురస్రం వేస్తే, పొడవు మీద, వెడల్పు మీద విడివిడిగా వేసిన చతురస్రాలు రెండూ కలిపినంత జాగా వస్తుందని ఆయన చెప్పిన మాటకు భావం. అక్కడితో ఆగక, సరిగ్గా లెక్క తేలే జోడీలు కూడా పేర్కొన్నాడు: 3, 4, 12, 5, 15, 8, 7, 24, 12, 35, 15, 36. కావలసినవారు హెచ్చించి చూసుకోవచ్చు. కర్ణాలు వరసగా 5, 13, 17, 25, 37, 39 వస్తాయి. ఇందులో 7, 24 అనే జోడీని జ్ఞాపకం పెట్టుకోండి. దానితో మళ్ళీ పని ఉంది.

ఆపస్తంబుడు మన తెలుగువారికి మరీ దగ్గరివాడు. తెలుగునాట వైదిక కుటుంబాలలో ఎక్కువమంది ఆపస్తంబ సూత్రంవారే. పెళ్ళిపీటల మీద ప్రవర చెప్పేటప్పుడు ఆ పేరు మనమంతా వింటూనే ఉంటాం. ఆ ఆపస్తంబునికే ఒక శుల్బ సూత్రం ఉందని నాకు పదవీ విరమణ తరువాత గాని తెలియలేదు. సోమయాగానికి మహావేది కట్టాలి. తూర్పు పడమరల పొడవు 36 పదాలు. పడమటి ప్రక్క 30, తూర్పు ప్రక్క 24. మూలలు నిక్కచ్చిగా నిలవాలి. దానికి ఆయన చెప్పిన ఉపాయం చూడండి. 36 పొడవున్న తాడుకు మరొక 18 కలిపి మొత్తం 54 చెయ్యాలి. అందులో 15 దగ్గర గుర్తు పెట్టాలి. తాడు రెండు కొసలనూ వేది మధ్యరేఖకు రెండు చివరలా మేకులకు కట్టి, గుర్తు దగ్గర పట్టుకుని ప్రక్కకు లాగితే, ఒక వైపు 15, మరొక వైపు 39, మధ్య 36. అంతే, పడమటి మూల లంబంగా నిలుస్తుంది. ఒక తాడు, రెండు మేకులు, ఒక గుర్తు. సర్వేయరు సామాను మొత్తం ఇంతే.

శుల్బకారులు నియమం చెప్పారు గాని, అది ఎందుకు నిజమో రుజువు వ్రాసిపెట్టలేదు. ఆ రుజువును క్రీ.పూ. 300 ప్రాంతంలో గ్రీకు పండితుడు యూక్లిడ్ తన గ్రంథంలో వరసక్రమాన పెట్టాడు. కాబట్టి మనవాళ్ళు ముందా, వాళ్ళు ముందా అన్న తగవు నాకు ఇష్టం లేదు. తగవులు ఎట్లా పెరుగుతాయో ఇంట్లోనే చూసినవాణ్ణి. తాడు పట్టి నేల కొలిచిన ప్రతి జాతికీ ఇది ఏదో ఒకనాడు అవసరపడిందన్నది మాత్రం నిజం.

నాలుగు ప్రక్కలు చాలవు

తరువాతి కాలంలో మన గణితజ్ఞులు ఈ మూడు ప్రక్కలకూ భుజం, కోటి, కర్ణం అని పేర్లు పెట్టారు. అడుగునున్నది భుజం, నిలువుగా ఉన్నది కోటి, ఏటవాలుగా రెంటినీ కలిపేది కర్ణం. 1150లో భాస్కరాచార్యులు రచించిన లీలావతిలో దీని మీద సరదా లెక్కలున్నాయి. 32 మూరల వెదురు గాలికి విరిగి, దాని కొస మొదలుకు 16 మూరల దూరంలో నేలను తాకితే ఎంత ఎత్తున విరిగినట్లు? జవాబు 12 మూరలు. విరిగిన ముక్క 20 మూరలు; అదే కర్ణం.

అయితే మన రెవెన్యూవారికి భాస్కరుడు చెప్పిన అసలు సంగతి మరొకటి. అంతకు అయిదు వందల ఏళ్ళ క్రితం, 628లో, బ్రహ్మగుప్తుడు నాలుగు ప్రక్కల పొలానికి ఒక ముతక లెక్క చెప్పాడు. ఎదురెదురు ప్రక్కలు కలిపి సగం చెయ్యి, అట్లా వచ్చిన రెండు సగాలనూ హెచ్చించు. ఇది స్థూలమైనదేనని ఆయనే అన్నాడు. సూక్ష్మమైన లెక్క వేరే ఇచ్చాడు. కానీ లోకంలో సులువైనదే నిలుస్తుంది. దీని లోపాన్ని భాస్కరుడు పట్టుకున్నాడు. నాలుగు ప్రక్కల పొడవులు మాత్రమే చెప్తే పొలం ఒక్కటే అని నిర్ణయం కాదు. అవే నాలుగు ప్రక్కలతో ఎన్ని ఆకారాలైనా వస్తాయి, ఒక్కొక్కదాని విస్తీర్ణం ఒక్కొక్కటి. కర్ణమో లంబమో చెప్పకుండా విస్తీర్ణం అడిగేవాణ్ణి ఆయన ఏకంగా పిశాచంతో పోల్చాడు. జవాబు చెప్పేవాణ్ణి అంతకంటె అన్యాయంగా తిట్టాడు.

తెలుగులో ఈ లెక్కలు లేకపోలేదు. తొమ్మిదవ శతాబ్దంలో మహావీరాచార్యులు సంస్కృతంలో రచించిన గణితసార సంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. ఆయన పదకొండవ శతాబ్దంలో రాజరాజనరేంద్రుని కాలంవాడని సాహిత్య చరిత్రకారులు చెప్తారు. పావులూరి గణితం అని దానికి వ్యవహారం. పంటలెక్క, ధాన్యం కొలత, క్షేత్రం కొలత తెలుగు నోట పలకడం అప్పటి నుంచే ఉంది. శాస్త్రం లేక మనం చెడలేదు, దాన్ని పొలం గట్టు మీదికి తీసుకుపోక చెడ్డాం.

గొలుసు వచ్చింది

కుంఫిణీ కాలంలో గొలుసు వచ్చింది. 1620 ప్రాంతంలో ఇంగ్లండులో ఎడ్మండ్ గంటర్ అనే ఆయన తయారు చేసిన 66 అడుగుల గొలుసుకు 100 లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. ఈ లెక్క సులువు తెలిసిన వెనుకటి ఉద్యోగులు మీటర్లు వచ్చిన తరువాత కూడా మనసులో లింకుల్లోనే గుణించుకునేవారు.

దేశం మొత్తాన్ని త్రిభుజాలుగా కొలిచే మహా సర్వేను విలియం లాంబ్టన్ 1802 ఏప్రిల్ 10న మద్రాసు దగ్గర ఆధారరేఖ కొలతతో మొదలుపెట్టాడు. 1815లో బీదరు దగ్గర మరొక ఆధారరేఖ కొలిచాడు. తరువాత 1860ల్లో మన విశాఖపట్నం దగ్గర కూడా ఒకటి కొలిచారు. ఒక్క ప్రక్కను నేల మీద నిక్కచ్చిగా కొలిచి, మిగిలిన ప్రక్కలను కోణాలు చూసి కాగితం మీద రాబట్టడం వారి పద్ధతి. కొండ మీది నుండి కొండ మీదికి పోయేంత పెద్ద త్రిభుజాలలో భూమి గుండ్రనాన్ని కూడా లెక్కలోకి తీసుకోవలసివచ్చేది. పొలాల దగ్గర ఆ బాధ లేదు. నేల బల్లపరుపే అనుకోవచ్చు.

మద్రాసు రాజధానిలో గ్రామాల సర్వే 1858 నుండి పద్ధతిగా సాగింది. ఆ పద్ధతి గొప్పతనం క్షేత్ర కొలత పుస్తకంలో, అంటే మనమంతా ఎఫ్.ఎం.బి. అని పిలిచే దానిలో ఉంది. ఒక్కొక్క సర్వే నెంబరుకు ఒక్కొక్క పటం. చుట్టూ హద్దుల కొలతలతో సరిపెట్టరు. పొలాన్ని అడ్డంగా కోస్తూ మూల నుండి మూలకు ఒక గీత, ఆ గీత మీద ఎన్ని లింకుల దగ్గర ఏ మలుపుకు ఎంత లంబం అన్న అంకెలు. లంబం చూడడానికి క్రాస్ స్టాఫ్ అనే కర్ర. అంటే ప్రతి పొలమూ త్రిభుజాలుగా విడిపోయి కూర్చుంటుంది. హద్దురాయి ఎవరైనా పీకేసినా ఆ పుస్తకం చూసి మళ్ళీ అక్కడే పాతవచ్చు. 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టం ఈ పనికంతటికీ అండ.

మా పంపకం

ఇప్పుడు మా ఇంటి సంగతి. మాది నాతవరం. 1958లో మా నాన్న, చిన్నాన్న వేరుపడ్డారు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. తాండవ జలాశయం ఇంకా కట్టని రోజులు. ఊరి శివారున గెడ్డ ప్రక్కన ఉన్న మెట్టచెక్కను రెండుగా పంచవలసివచ్చింది. ఆ వేళకు కరణంగారు ఊళ్ళో లేరు. పెద్దమనుషులు ఎక్కడినుంచో గొలుసు తెప్పించి తామే కొలిచారు. నాన్న వాటాకు పొడవు 400 లింకులు, వెడల్పు 250. చిన్నాన్న వాటాకూ పొడవు 400, ప్రక్క 250. మధ్యలో ఉమ్మడి గట్టు 400 లింకులు. ఇద్దరికీ తలొక ఎకరం అని కాగితం వ్రాశారు.

చిన్నాన్న దున్నడం మొదలుపెట్టిన ఏడాదికే "నా చెక్క తక్కువగా ఉంది" అన్నాడు. విత్తనం తక్కువ పడుతోంది, చాళ్ళు తక్కువ వస్తున్నాయి అన్నాడు. "నాలుగు ప్రక్కలూ నీ కళ్ళ ముందే కొలిచారు, నావీ అంతే, నీవీ అంతే" అన్నాడు నాన్న. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. అదే చిక్కు. మాట మీద మాట పెరిగి 1961 నుండి రెండిళ్ళకూ రాకపోకలు పోయాయి. పండగకు మా పిన్ని అరిసెలు పంపడం మానేసింది. అదే ఊళ్ళో, నాలుగిళ్ళ అవతల ఉంటూ.

1973లో నాకు గుమాస్తా ఉద్యోగం వచ్చింది. మా కార్యాలయంలో వయసు మళ్ళిన సర్వేయరుగారొకరు ఉండేవారు. మధ్యాహ్నం వేళల్లో ఎఫ్.ఎం.బి. చదవడం నేర్పేవారు. "చుట్టూ కొలిచాక మధ్యలో ఈ గీత ఎందుకండీ?" అని ఒకనాడు అడిగాను. ఆయన నవ్వి, "మీ ఇంట్లో నులక మంచం ఉందా? కోళ్ళు వదులైతే ప్రక్కకు ఒరుగుతుందా లేదా? అప్పుడు పట్టెల పొడవు ఏమైనా తగ్గిందా? తగ్గలేదు. మరి మంచంలో జాగా?" అన్నారు. ఆ ఒక్క మాటతో నాకు మా గెడ్డ ప్రక్క పొలం కళ్ళ ముందు కనబడింది. చిన్నాన్న చెక్క దగ్గర గెడ్డ ఏటవాలుగా పోతుంది, ఎదుటి కొసన బండిదారి కూడా అట్లాగే ఏటవాలుగా పోతుంది. నాన్న చెక్కకు వచ్చేసరికి రెండూ మలుపు తిరిగి తిన్నగా పోతాయి. చిన్నాన్నది ఒరిగిన మంచం.

1974 వేసవిలో ఒక ఆదివారం తెల్లవారుజామున గొలుసు, క్రాస్ స్టాఫ్ పట్టుకుని ఒక స్నేహితుడితో వెళ్ళి కొలిచాను. చెక్క మూలలు సరిగ్గా ఉంటే కర్ణం ఎంత రావాలో ముందే కట్టుకున్నాను. 400 వర్గం 1,60,000. 250 వర్గం 62,500. మొత్తం 2,22,500. దీని మూలం కాగితం లేకుండా కట్టే ఉపాయం ఒకటి చెప్తాను. సుమారుగా 470 అనుకోండి. 2,22,500ను 470తో భాగిస్తే 473.4 వస్తుంది. ఈ రెంటికీ నడుమ ఉన్న 471.7 జవాబు. బాబిలోనియావారి కాలం నాటి ఉపాయమే ఇది. నాన్న చెక్కలో రెండు కర్ణాలూ దాదాపు 472 వచ్చాయి. చిన్నాన్న చెక్కలో ఒకటి 528, రెండవది 408. ఆ 408 మీద రెండు వైపులకూ లంబాలు పట్టాను. ఒక్కొక్కటి 235 లింకులకు పైచిలుకు. హెచ్చిస్తే 96 సెంట్లు. ఎకరానికి నాలుగు సెంట్లు తక్కువ.

ఎక్కడ పోయిందో కూడా తెలిసింది. 250 లింకుల ప్రక్క నిలువుగా లేదు, ఒరిగి ఉంది. గట్టు నుండి నిటారుగా కొలిస్తే 240 లింకులే. ఒరుగుడు 70 లింకులు. అంటే 70, 240, 250. బౌధాయనుడు చెప్పిన 7, 24 జోడీయే, పదింతలు చేసి మా చిన్నాన్న పొలం మూలలో కూర్చుంది. పెద్దమనుషులు కర్ణాన్ని కొలిచి దాన్ని కోటి అనుకున్నారు. కర్ణం ఎప్పుడూ కోటి కంటె పెద్దదే. ఆ పెద్దరికమే చిన్నాన్నకు నష్టమయింది.

ఇంత తెలిసీ నేను చెప్పలేదు. నాన్నంటే భయం. పైగా ఇంట్లో పెళ్ళికి ఎదిగిన చెల్లెలుంది, ఉన్నదాంట్లో తగ్గుతుందేమోనన్న స్వార్థం కూడా ఉంది. కాగితం మడిచి ట్రంకుపెట్టె అడుగున పెట్టాను. 1975లో చిన్నాన్న కూతురి పెళ్ళి జరిగింది. మా ఇంటికి శుభలేఖ రాలేదు. బాజాలు మా వీధి మీదుగానే వెళ్ళాయి. నాన్న ఆ పూట అన్నం తినలేదు. నేను ఆ కాగితం సంగతి అప్పుడైనా చెప్పవలసింది. చెప్పలేదు. ఈ వయసులో కూడా నన్ను బాధించేది అదొక్కటే.

1976లో చిన్నాన్నకు జబ్బు చేసిందని తెలిసిన రాత్రి, కాగితం తీసి నాన్న ముందు పెట్టాను. మంచం ఉపమానంతో సహా అంతా చెప్పాను. నాన్న నాలుగో తరగతి చదివినవాడు. అంతా విని, "అయితే ఇప్పుడు సమానం కావాలంటే ఏం చెయ్యాలి?" అన్నాడు. "రెండూ కలిపి 196 సెంట్లు. తలొకరికి 98. మనవైపు నుండి రెండు సెంట్లు. గట్టు పొడవు 400 కాబట్టి అయిదు లింకులు ఇటు జరిపితే చాలు" అన్నాను. "అయిదు లింకులంటే?" అన్నాడు. చెయ్యి చాపి చూపించాను. మూడడుగుల పైన మూడంగుళాల పైచిలుకు. నాన్న చాలాసేపు ఆ చేతినే చూశాడు. "దీనికా!" అన్నాడు.

మర్నాడు తెల్లారేసరికి పార తీసుకుని వెళ్ళిపోయాడు. నేను వెళ్ళేటప్పటికి పాత గట్టు కొసన కొంత మట్టి ఎత్తి ఉంది. మూడో రోజున చిన్నాన్న దుప్పటి కప్పుకుని వచ్చి అవతల నిలబడ్డాడు. ఏమీ అడగలేదు. కాసేపు చూసి, "అన్నయ్యా, ఎండెక్కుతోంది, ఇంక చాల్లే, ఇంటికి రా" అన్నాడు. అంతే. ఆ సంక్రాంతికి అరిసెలు వచ్చాయి. చిన్నాన్న తరువాత తొమ్మిదేళ్ళు బ్రతికాడు.

చివరిమాట

2020 డిసెంబరులో మన రాష్ట్రంలో భూముల రీసర్వే మొదలయినప్పుడు గొలుసులు పోయి ఉపగ్రహాల సంకేతాలు అందుకునే రోవర్లు వచ్చాయి. ఒక కుర్ర సర్వేయరును ఆ యంత్రం ఎట్లా లెక్క కడుతుందని అడిగాను. ప్రతి మూలకూ తూర్పుకు ఎంత, ఉత్తరానికి ఎంత అన్న రెండు అంకెలు పట్టుకుంటుందట. ఏ రెండు మూలల మధ్య దూరం కావాలన్నా తూర్పు తేడా వర్గం, ఉత్తరపు తేడా వర్గం కలిపి మూలం కడుతుందట. విని సంతోషించాను. బౌధాయనుని తాడు ఇంకా తెగలేదు.

మన సభ్యులు చాలామంది పిల్లలకు స్థలాలు, పొలాలు పంచి ఇచ్చే వయసులో ఉన్నారు. నా మనవి ఒక్కటే. దస్తావేజులో నాలుగు హద్దులూ, నాలుగు ప్రక్కల కొలతలూ ఉన్నాయి కదా అని సంతకం పెట్టకండి. ఇల్లు కట్టే మేస్త్రీ పునాదికి ముగ్గు పోసేటప్పుడు చేసే పనే చెయ్యండి. మూల నుండి మూలకు టేపు పట్టి రెండు కర్ణాలూ కొలవండి. ఎదురెదురు ప్రక్కలు సమానమై, రెండు కర్ణాలూ సమానమైతే మూలలు సరిగ్గా ఉన్నట్లు. కాకపోతే ఎంత తగ్గిందో అప్పుడే, అందరూ కూర్చుని ఉండగానే, లెక్క కట్టించండి. దానికి పది నిమిషాలు పడుతుంది. మా ఇంట్లో కొలవనందుకు పదిహేనేళ్ళు పట్టింది.

ఆ గట్టు ఇప్పటికీ జరిపినచోటనే ఉంది. ఇటు నేను, అటు మా చిన్నాన్న కొడుకు.